ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు

(పోలీసు శాఖకూ చట్టసభలకూ మధ్య నడిచే వ్యవహారం గురించి గుంటూరులో న్యాయ విద్యార్థులకూ, శాఖలో కొత్తగా చేరిన కార్యాలయ సిబ్బందికీ ఒక విశ్రాంత ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనుక గోడకు ఆనుకుని కూర్చున్న మా శాఖ పిల్లలు కాస్త ముందుకు రండి. ఈ ఫ్యాన్ల చప్పుడులో నా మాట అక్కడిదాకా రాదు. వెనుక బెంచీలో కూర్చునే అలవాటు మన శాఖలో పదవీ విరమణ దాకా పోదు. ఈ ఒక్క గంటైనా మానేద్దాం.

నన్ను పరిచయం చేసిన మేడమ్‌గారు ‘పోలీసు శాఖలో ముప్పై మూడేళ్ల సర్వీసు’ అనగానే మీలో కొందరు నా మీసం వైపు చూశారు. నిరాశపడకండి. నేను ఒక్కరోజు కూడా ఖాకీ తొడగలేదు. జూనియర్ అసిస్టెంటుగా చేరి కాగితాల మధ్యే ముసలివాణ్ణయ్యాను. అందులో ఎక్కువ కాలం శాసనసభ, శాసనమండలి నుంచి వచ్చే ప్రశ్నలు చూసే సెక్షన్‌లో గడిచింది. మా భాషలో వాటిని వరుసగా ఎల్‌ఏక్యూ, ఎల్‌సీక్యూ అంటాం. సభ జరిగినన్ని రోజులూ మా ఇంట్లో వాళ్లకు నేను ఊళ్లో లేనట్టే లెక్క.

న్యాయ విద్యార్థులకు మొదట ఒక ప్రశ్న. శాంతిభద్రతల మీద సభ్యులు నిలదీస్తుంటే డీజీపీ లేచి సమాధానం చెప్పవచ్చా? (ఎవరో ‘చెప్పవచ్చు’ అన్నారు.) చెప్పడానికి వీల్లేదు, బాబూ. ఏడో షెడ్యూలు రాష్ట్రాల జాబితాలో మొదటి అంశం శాంతిభద్రతలు, రెండో అంశం పోలీసు. ఈ రెండింటికీ 175 మంది సభ్యులున్న శాసనసభ ముందు జవాబుదారీ మంత్రివర్గం. 164వ అధికరణ రెండో క్లాజు తీసి చూడండి. డీజీపీ అధికారుల గ్యాలరీలో కూర్చుంటారు, వింటారు, అంతే. ఆయన కింద ఉన్న వేల మంది చేసిన పనికీ, చేయని పనికీ సభలో మంత్రిగారు నోరు విప్పాలి. ఆ మంత్రిగారికి ఎస్సై ఎవరో తెలియదు, ఆ రాత్రి స్టేషన్‌లో ఏం జరిగిందో తెలియదు. తెలిసినవాళ్లు మాట్లాడకూడదు, మాట్లాడేవాళ్లకు తెలియదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలో మా బల్ల ఉండేది.

ప్రశ్న ఎలా వస్తుందో చెబుతాను. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్న అయితే మంత్రి సభలో నోటితో చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు పడతాయి. నక్షత్రం లేనిదైతే రాతపూర్వక సమాధానంతో సరి. ప్రశ్న రూపం ఎప్పుడూ ఒకటే. (అ) ఫలానా విషయం వాస్తవమేనా? (ఆ) అయితే వివరాలు ఏమిటి? (ఇ) తీసుకున్న చర్యలు ఏమిటి? సమాధానం కూడా అచ్చు పోసినట్టే ఉంటుంది. ‘అవునండి.’ ‘కాదండి.’ ఇక మూడోది మా శాఖకు ప్రాణప్రదమైనది: ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.’ (అ)కి ‘కాదండి’ అని రాస్తే (ఆ), (ఇ) రెండూ వాటంతట అవే రాలిపోతాయి. రెండు పదాలతో ఫైలు మూసేయవచ్చు. ఈ సౌకర్యం ఎంత ప్రమాదకరమో కాసేపట్లో చెబుతాను.

ప్రశ్న శాసనసభ సచివాలయం నుంచి హోం శాఖకు, అక్కడి నుంచి డీజీపీ కార్యాలయంలో ఉన్న మాకు, మా నుంచి జిల్లా ఎస్పీలకు, కమిషనర్లకు, వాళ్ల నుంచి డీఎస్పీలకు, చివరికి స్టేషన్లో రాతపని చూసే రైటరు దగ్గరికి చేరుతుంది. తిరిగి అదే మెట్లెక్కి పైకి రావాలి. రాష్ట్రంలోని స్టేషన్లన్నిటి నుంచీ నాలుగైదు రోజుల్లో లెక్క రావాలంటే ఎలా వస్తుందో ఊహించండి. స్టేషన్ రైటరుకు అదే సమయంలో బందోబస్తు ఉంటుంది, కోర్టు వాయిదా ఉంటుంది. ‘ప్రొఫార్మా నింపి సాయంత్రంలోగా పంపు’ అనే మెసేజి ఆయన ఫోనులో అప్పటికి పదకొండోది. ఆయన ఏం చేస్తాడు? పోయినసారి పంపిన కాగితం తీసి తేదీ మారుస్తాడు. నేను ఆయనను తప్పుపట్టను. కానీ ఆ కాగితం మీద మంత్రి నిలబడతాడని ఆయనకు ఎవరూ చెప్పలేదే అని మాత్రం ఎన్నోసార్లు అనుకున్నాను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ‘గత అయిదేళ్లలో అదృశ్యమైన మహిళల సంఖ్య జిల్లాలవారీగా ఎంత?’ చూడటానికి ఎంత సులువైన ప్రశ్న! ఇక చిక్కులు చూడండి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. అంతకుముందు ఇదే జిల్లాలో పోలీసు పరంగా అర్బన్, రూరల్ అని రెండు యూనిట్లు. అర్బన్ ఎస్పీ ఒకరు, రూరల్ ఎస్పీ ఒకరు. 2020 అంకె పక్కన 2023 అంకె పెట్టి ‘గుంటూరు జిల్లాలో తగ్గాయి’ అంటే అది నిజమా? తగ్గింది జిల్లా విస్తీర్ణం. ఈ సంగతి పట్టిక కింద ఒక్క వాక్యంలో రాయకపోతే సభలో ఏ సభ్యుడైనా రెండు నిమిషాల్లో మంత్రిని కూర్చోబెడతాడు. అంతకంటే ముందు ‘అదృశ్యం’ అన్న మాట సంగతి. కేసు నమోదైనవి ఎన్ని, ఆచూకీ దొరికినవి ఎన్ని, నేటికీ దొరకనివి ఎన్ని? మూడూ వేర్వేరు. ఈ ఏడాది దొరికిన వారిలో నిరుడు తప్పిపోయినవారూ ఉంటారు. మొదటి వరుస ఒక్కటే ఇస్తే ఊళ్లలో ఆడపిల్లల తల్లిదండ్రులకు నిద్ర ఉండదు. దొరికిన వరుస ఒక్కటే చూపిస్తే దొరకని వాళ్ల ఊసే ఉండదు. నేను ఎప్పుడూ మూడు వరుసలూ ఇచ్చేవాణ్ణి. ప్రశ్నలో అడిగింది ఒక్క వరుసే కదా అని పైవాళ్లు కసిరేవారు. అడిగినదానికి మాత్రమే సమాధానం చెప్పాలన్నది కోర్టు బోనులో సాక్షికి వకీలు చెప్పే మాట. సభలో అది చెల్లదని నా అభిప్రాయం. అక్కడ మీరు సాక్షి కారు, ఎదుట ఉన్నవాడు ప్రత్యర్థి వకీలు కాడు.

ఇప్పుడు ఆ ‘కాదండి’ సంగతి. ఒకసారి కస్టడీ మరణాల మీద ప్రశ్న వచ్చింది. ఒక జిల్లా నుంచి ‘నిల్’ అని రిపోర్టు. సంతకం, ముద్ర, అన్నీ సక్రమంగా ఉన్నాయి. నాకు మాత్రం ఆ జిల్లాలో ఏదో జరిగినట్టు పేపర్లో చదివిన గుర్తు. కస్టడీలో ఎవరైనా చనిపోతే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలియజేయాలి. 1993 నుంచి ఉన్న ఆదేశం అది. ఆ కాగితాలు చూసే సెక్షన్ మా పక్క గదే. వెళ్లి ఫైలు తీయించాను. అదే జిల్లా, అదే ఏడాది, ఒక మరణం కమిషన్‌కు తెలియజేసినట్టు నకలు ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు జిల్లాకు ఫోన్ చేశాను. అటువైపు అధికారి చాలా మర్యాదగా అన్నాడు: ‘సార్, అతను చనిపోయింది ఆస్పత్రిలో కదా, స్టేషన్‌లో కాదు కదా.’

ఆ మనిషి అబద్ధమాడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆయన మనసులో కస్టడీ అంటే లాకప్ గది నాలుగు గోడలు. స్టేషన్ నుంచి ఆస్పత్రికి తీసుకెళ్తే కస్టడీ అక్కడికీ వెంట వెళుతుంది. దాని మీద జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరగాలి, జరిగింది కూడా. ఆ రాత్రి ‘నిల్’ కొట్టేసి ‘ఒకటి’ అని రాశాం, విచారణ ఏ దశలో ఉందో రెండు వాక్యాలు చేర్చాం. మర్నాడు సభలో పెద్ద గొడవేమీ కాలేదు. అనుబంధ ప్రశ్నలు రెండు పడ్డాయి, మంత్రిగారు చదివి వినిపించారు. అదే ‘కాదండి, ఉత్పన్నం కాదు’ అని ఉంటే, ఆ చనిపోయిన మనిషి అన్నదమ్ములు పోస్టుమార్టం కాగితం పట్టుకుని ఒక సభ్యుడి ఇంటికి వెళ్లి ఉంటే, సభను తప్పుదోవ పట్టించారంటూ సభా హక్కుల ఉల్లంఘన నోటీసు మంత్రి మీద పడేది. మరణం కంటే అబద్ధం పెద్ద వార్త అయ్యేది.

ఇంతవరకు ఇతరుల పొరపాటు చెప్పాను, నాది కూడా చెప్పాలి. బాలికలపై నేరాల మీద ఒక ప్రశ్నకు అనుబంధ పట్టిక తయారు చేశాను. క్రైమ్ నంబరు, స్టేషను, సెక్షన్లు, నిందితుడి పేరు, ‘సంక్షిప్త వివరాలు’. జిల్లా నుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే ఎత్తి పెట్టాను. మా టైపిస్టు అమ్మాయి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఒక వరుస దగ్గర ఆగి, ‘సార్, నిందితుడు వరసకు మేనమామ అని ఉంది. ఆయన ఇంటిపేరు, ఊరు కూడా ఉన్నాయి. ఇక పాప ఎవరో ఆ ఊళ్లో తెలియనివాళ్లు ఉంటారా?’ అంది. చేతులు చల్లబడ్డాయి నాకు. పాప పేరు ఎక్కడా రాయలేదనే ధైర్యంతో ఉన్నాను. బాలలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరుతో ఆగదు. కుటుంబం, బడి, ఇరుగుపొరుగు, గుర్తు పట్టించే ఏ వివరమూ బయటపెట్టకూడదంటుంది. సభ ముందు పెట్టిన కాగితం అచ్చయి గ్రంథాలయంలోకి వెళుతుంది. యాభై ఏళ్ల తరువాత కూడా ఎవరైనా తీసి చదవవచ్చు. ఆ రోజు నుంచి అలాంటి పట్టికలు ఆ అమ్మాయి చూడకుండా నా బల్ల దాటలేదు.

సభ్యుడు అడిగాడు కదా అని దర్యాప్తులో ఉన్న కేసు వివరాలన్నీ కుమ్మరించకూడదు. దర్యాప్తు అధికారి రోజువారీ రాసుకునే కేసు డైరీ సభకు పెట్టేది కాదు. కోర్టు విచారణలో ఉన్నదాని మీద మంత్రి తీర్పులాంటి మాట అనకూడదు. మా వాళ్లు దీన్ని అడ్డం పెట్టుకుని ప్రతిదానికీ ‘దర్యాప్తులో ఉంది’ అని రాసేవారు. ఎఫ్‌ఐఆర్ నమోదైందా, ఎంతమందిని అరెస్టు చేశారు, అభియోగపత్రం వేశారా లేదా, ఈ మూడు ముక్కలు చెబితే ఏ దర్యాప్తూ చెడదు.

గ్యాలరీలో కూర్చునే పని గురించి కొత్తవాళ్లకు చెప్పాలి. అనుబంధ ప్రశ్న ఎటునుంచి వస్తుందో బ్రహ్మకు కూడా తెలియదు. ప్రశ్న సీసీ కెమెరాల మీద ఉంటుంది. ఒక సభ్యుడు లేచి ‘అధ్యక్షా, మా ఊరి స్టేషన్ ఇంకా రేకుల షెడ్డులోనే ఉంది, వానకు రికార్డులు తడుస్తున్నాయి’ అంటాడు. మంత్రి తల ఎత్తి గ్యాలరీ వైపు చూస్తారు. అప్పుడు మీ దగ్గర ఇరవై సెకన్లు ఉంటాయి. చిట్టీ రాయాలి. మొదట్లో నేను చిట్టీ మీద పేరా రాసేవాణ్ణి. ఒక సీనియరు నా చేతిలోంచి కాగితం లాక్కుని వేలెడంత అక్షరాలతో ‘స్థలం ఉంది. నిధులు అడిగాం.’ అని నాలుగు మాటలు రాసి పంపాడు. మంత్రిగారు నిలబడి ఉంటారు, కళ్లజోడు బల్ల మీద ఉంటుంది. చిట్టీ ఆ ఎత్తు నుంచి చదవగలిగేలా ఉండాలి.

ఇంకో మాట. మంత్రికి అందించే కాగితంలో ‘పరిశీలిస్తాం’ అన్న పదాన్ని ఉప్పు వాడినట్టు వాడకండి. సభలో మంత్రి ‘పరిశీలిస్తాం’, ‘చర్యలు తీసుకుంటాం’ అంటే అది హామీ అవుతుంది. హామీల కమిటీ దాన్ని రాసుకుని ఏమైందని అడుగుతుంది. పార్లమెంటులోనైతే మూడు నెలల గడువు ఉంది. మా సెక్షన్‌లో హామీల రిజిస్టరు చూస్తే, మంత్రులు మారారు, ప్రభుత్వాలు మారాయి, అందులో కొన్ని స్టేషన్ భవనాలు మాత్రం ‘పరిశీలనలో’ అలాగే ఉండేవి. ఎల్‌సీక్యూ రిజిస్టరుకు మరో చరిత్ర. 1985లో మండలి రద్దయింది, రిజిస్టరు అటకెక్కింది. 2007లో మండలి తిరిగొచ్చింది, కొత్త రిజిస్టరు. 2020లో మళ్లీ రద్దు చేయాలని సభ తీర్మానించింది, 2021లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఆ మధ్యకాలంలో కొత్త రిజిస్టరు కొనాలా వద్దా అన్నది మా సెక్షన్‌లో తేలని ప్రశ్న. (నవ్వులు)

హైదరాబాద్ రోజుల్లో లక్డీకాపూల్ నుంచి అసెంబ్లీకి ఫైలు చంకన పెట్టుకుని నడిచి వెళ్లేవాళ్లం. 2017లో సభ వెలగపూడికి, మా కార్యాలయం మంగళగిరికి వచ్చాక నడక మానేసి జీపు పట్టాం. సవరణ కాగితం చేతిలో ఉంటుంది, కరకట్ట మీద ముందు ట్రాక్టరు ఉంటుంది. ఈ గుంటూరు వాళ్లకు నేను వేరే చెప్పాలా! అన్నట్టు మీకు గర్వంగా ఉండవలసిన సంగతి: 1954లో ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు పెట్టింది ఈ ఊళ్లోనే.

సభ్యుల అరెస్టు విషయం కాస్త నింపాదిగా చెప్పాలి. మన అధికారులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. శాసనసభ్యుణ్ణి అరెస్టు చేయకూడదని చాలామంది అనుకుంటారు. సమావేశాలకు ముందూ వెనుకా నలభై రోజుల రక్షణ సివిల్ అరెస్టుకు మాత్రమే. అది సివిల్ ప్రొసీజర్ కోడ్ 135ఏ. క్రిమినల్ కేసులో ఆయనా మనలాంటివాడే. అయితే అరెస్టు చేసిన వెంటనే స్పీకరుకు తెలియజేయాలి. ఎందుకు చేశారు, ఎక్కడ ఉంచారు, రెండూ చెప్పాలి. విడిచిపెట్టినప్పుడు మళ్లీ తెలియజేయాలి. ఈ రెండోది తొంభై శాతం మరిచిపోతారు, ఇది నా అనుభవంలో మాట, గణాంకం కాదు. సభా ప్రాంగణంలోనైతే స్పీకరు అనుమతి లేకుండా తాకకూడదు.

మరి గృహనిర్బంధం? ఉద్యమం ఏదైనా ఉంటే తెల్లవారుజామునే సభ్యుడి ఇంటి ముందు జీపు ఆగుతుంది, గేటు దగ్గర నలుగురు కానిస్టేబుళ్లు నిలబడతారు. స్పీకరుకు తెలియజేశారా అని ఫోన్ చేసి అడిగితే ‘అరెస్టు చేయలేదు కదా సార్, భద్రత కల్పించాం’ అంటారు. ఆయన బయటికి రావచ్చా అంటే, రాకూడదు. న్యాయ విద్యార్థులు ఇక్కడ ఉన్నారు, చెప్పండి. ముందస్తు అరెస్టుకు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 170వ సెక్షన్ ఉంది, 24 గంటల పరిమితి ఉంది. మనిషిని తన ఇంట్లోనే ఆపి ఉంచడానికి స్టేషన్ అధికారికి ఏ సెక్షన్ ఉంది? చట్టంలో పేరు లేని పనిని స్పీకరుకు ఏ పేరుతో తెలియజేస్తారు? ఇలాంటి వాటి మీద వచ్చే హక్కుల ఉల్లంఘన నోటీసులకు సంజాయిషీ రాయడం నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే కష్టమైన తెలుగు వ్యాసరచన.

సభ, కోర్టు చెరో పక్క లాగితే పోలీసు ఏమవుతాడో చూడాలంటే 1984కు వెళ్లాలి. అంతకుముందు ఏడాది శాసనమండలిలో జరిగిన గలాటాను ‘పెద్దల గలభా’ అన్న శీర్షికతో ఈనాడు రాసింది. మండలి దాన్ని హక్కుల ఉల్లంఘనగా తీసుకుని, సంపాదకుణ్ణి పట్టి తెచ్చి సభలో నిలబెట్టమని పోలీసులను ఆదేశించింది. సుప్రీంకోర్టు అరెస్టు వద్దంది. హైదరాబాద్ పోలీసు కమిషనరు చేతిలో రెండు ఆదేశాలు. ఒకటి పాటిస్తే రెండోదానికి ధిక్కారం. మీ రాజ్యాంగ పాఠంలో చట్టసభల హక్కుల గురించిన 194వ అధికరణ చదివేటప్పుడు ఆ కుర్చీలో కూర్చుని చదవండి, పాఠం వేరుగా వినిపిస్తుంది.

బిల్లుల విషయంలో శాఖ మరింత నోరు విప్పాలి. 2019 డిసెంబరులో మన సభ దిశ బిల్లు ఆమోదించింది. అత్యాచారం కేసుల్లో ఆధారాలు స్పష్టంగా ఉంటే ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ. కేంద్ర చట్టాలకు సవరణ కాబట్టి రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది రాలేదు, బిల్లు చట్టం కాలేదు. ఉద్దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు. అలాంటి ముసాయిదా వచ్చినప్పుడు శాఖ రాయవలసిన నోట్ ఎలా ఉండాలన్నదే నా మాట. డీఎన్‌ఏ నివేదిక ఎన్నాళ్లకు వస్తుంది? ప్రయోగశాలలో ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఖాళీలు? ఏడు రోజుల్లో నివేదిక రావాలంటే ఇంకెంతమంది కావాలి, ఎంత డబ్బు కావాలి? ఇవి రాసి మంత్రి ముందు పెట్టడం వ్యతిరేకత అవదు. చప్పట్లు కొట్టి ఊరుకుంటే రేపు గడువు దాటిన ప్రతి కేసుకూ బోనులో నిలబడేది దర్యాప్తు అధికారే. హోం శాఖ పద్దు మీద చర్చ జరిగేది అదే సభలో కాబట్టి ఆ ఖాళీల లెక్క అక్కడికీ పనికొస్తుంది.

చివరగా, పరిచయాల గురించి. మా శాఖలో ‘ఎమ్మెల్యేలతో సంబంధాలు బాగా నెరుపుతాడు’ అని కొందరికి పేరు ఉంటుంది. అంటే ఏమిటి? ఫోన్ వస్తే ఎత్తుతాడు, పని చేసిపెడతాడు. ఫలానా కేసులో ఫలానావాడి పేరు తీసేయ్, ఫలానా సీఐని మార్చు. 2006 సెప్టెంబరు 22న పోలీసు సంస్కరణల మీద వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎస్పీకీ, స్టేషన్ అధికారికీ కనీసం రెండేళ్లు పదవీకాలం ఉండాలన్నది ఆ ఫోన్ల బెడద చూసే. నాకు చిత్రంగా అనిపించేది ఒకటి ఉంది. రహస్యంగా వచ్చే ఆ ఫోనుకు మన అధికారి ‘చిత్తం’ అంటాడు, అదే సభ్యుడు అందరి ఎదుటా, అచ్చులో, నంబరు వేసి ప్రశ్న అడిగితే ‘వీడికేం పని లేదా’ అని విసుక్కుంటాడు. నాకు తెలిసినంతవరకు శాసనసభ్యుడు తన ఉద్యోగం తాను చేసేది ఆ రెండోసారే. ఆ ప్రశ్న వెనుక తరచుగా ఒక తల్లి ఉంటుంది, ఆమె స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఆయన గడప తొక్కి ఉంటుంది. నేను పట్టిక నింపే ముందు ఆ తల్లి ఏ ఊరిదై ఉంటుందా అని వెతికేవాణ్ణి. చాలాసార్లు దొరికేది కూడా.

ఇక నేను మాట్లాడింది చాలు. మీ ముందు బోర్లించి ఉన్న కాగితం తిప్పండి. అందులో ఒక ప్రశ్న ఉంది, నేను కల్పించినదే: ‘ఒక పట్టణంలో ద్విచక్ర వాహనాల దొంగతనాలు పెరిగిన మాట వాస్తవమేనా?’ కింద ఒక స్టేషన్ పంపిన నివేదిక ఉంది. అందులో మూడు తప్పులు పెట్టాను, ఒకటి బయటికి కనిపించదు. మా శాఖ వాళ్లు సమాధానం రాయండి, న్యాయ విద్యార్థులు అనుబంధ ప్రశ్నలు రాయండి. పావుగంట. చిట్టీలు పెద్ద అక్షరాలతో రాయండి, నా కళ్లజోడు కూడా బల్ల మీదే ఉంది.